సోమశిల ఒడ్డున రాళ్లు నింపిన పడవ: ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు

ఆదివారం నడక:

అందరికీ నమస్కారం. నేను కొల్లాపూర్‌లో ఉంటాను. ఆదివారం సాయంత్రం సోమశిల దాకా స్కూటర్ మీద వెళ్లి, ఊరికి కొంచెం ఎగువన కృష్ణ ఒడ్డు వెంట గంటసేపు నడిచి రావడం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. వేసవిలో శ్రీశైలం వెనుక జలాలు తగ్గుతూ పోవడం, పోయిన వారం అలలు తగిలిన చోట ఈ వారం ఒండ్రు పగుళ్లు బారి ఉండడం నాకు కొత్త విషయాలు కావు. కానీ ఈ ఏడు ఆ ఒడ్డున చూసిన ఒక పడవ సంగతి ఎంత ఆలోచించినా అంతుపట్టక ఇక్కడ అడుగుతున్నాను.

ఏప్రిల్ చివరి ఆదివారం సూర్యుడు అవతలి గట్టుకు దిగుతున్న వేళ, ఒడ్డుకు ముప్పై అడుగుల దూరంలో నీళ్ల కింద ఏదో నల్లగా, పొడవుగా కనిపించింది. మొదట బండ అనుకున్నాను. ప్యాంటు మడిచి మోకాలి లోతు దాకా దిగి చూస్తే అది చెక్క పడవ. ఇక్కడ మామూలుగా తిరిగే పుట్టి కాదు, ఫైబర్ బోటూ కాదు, పలకలు కూర్చి చేసిన పొడవాటి పడవ, అంగలతో కొలిస్తే నా అంగలు ఏడుకు పైగా వచ్చింది. అంచు నీటికి జానెడు కిందనే ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే దాని నిండా రాళ్లున్నాయి. ప్రమాదంలో మునిగిన పడవలో పడిన రాళ్లలా అవి చెల్లాచెదురుగా లేవు, ముక్కు దగ్గర కొన్ని, నడుమ కొన్ని, వెనక కొన్ని, ఎవరో కూర్చుని పేర్చినట్టు ఉన్నాయి. ముక్కుకు ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. వెనక వైపు నుంచి ఒక మోకు నీళ్లలోకి పోయింది, దాని రెండో కొస నాకు కనిపించలేదు.

కుతూహలం ఆపుకోలేక ముక్కు వైపు ఉన్న రాళ్లలో ఆరింటిని తీసి ఒడ్డున పెట్టాను. ఒక్కొక్కటి పది, పన్నెండు కిలోలు ఉంటుంది. వాటి కింద ఏమైనా దాచి ఉంటుందేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు, ఒప్పుకుంటున్నాను. కింద పాచి పట్టిన పలక తప్ప ఏమీ లేదు. అయితే ఆ ఆరింటిలో ఒకటి నదిలో దొరికే గుండు కాదు. పలకగా చెక్కిన రాయి, దానికి ఒక మూల పిడికిలి పట్టేంత గుండ్రటి గుంట ఉంది, గుంట లోపలి వైపు అద్దంలా నున్నగా అరిగి ఉంది.

తరువాతి ఆదివారం వెళ్లేసరికి అదే పడవ, అదే చోట ఉంది గానీ తూర్పుకు ఉన్న ముక్కు పడమరకు తిరిగి ఉంది. అంతకన్నా విచిత్రం, ముక్కు భాగం నీళ్ల పైకి మూరెడు లేచి ఉంది. ఒడ్డున మనిషి అడుగుల గుర్తులు ఒక్కటీ లేవు, ఆ గురువారం పెద్ద ఈదురుగాలితో వాన పడింది కాబట్టి ఉన్నా చెరిగిపోయి ఉండవచ్చు. మేకలు కాసే ఒక పెద్దాయన రాత్రిళ్లు ఆ వైపు నీళ్ల మీద దీపం కదలడం రెండు మూడుసార్లు చూశానని చెప్పారు.

ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. చేతబడి అని ఒకరు అన్నారు. 2007 జనవరిలో సింగోటం జాతరకు వచ్చినవారి పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు కదా, ఇది దానికి సంబంధించినదేనని ఇంకొకరు అన్నారు. ఆ కుటుంబాలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, అలాంటి మాటను ఆధారం లేకుండా అనడం నాకు నచ్చలేదు. మంచినీటి జలాశయంలో ఒక పడవను రాళ్లతో నింపి ఎవరు ముంచుతారు? ముంచినది తనంతట తాను తిరిగి ఎలా లేస్తుంది?

నల్లమల నీడ:

నాకు తోచింది చెబుతాను, కోపగించుకోకండి. ఇది గుప్తనిధుల వాళ్ల పని. జటప్రోలు దేవాలయాలను శ్రీశైలం జలాశయం ముంపు సమయంలో విప్పి పై గట్టుకు తరలించారని అందరికీ తెలుసు. తరలించగా మిగిలిన పునాదుల కింద ఏదో ఉందని నమ్మి వేసవిలో నీళ్లు తగ్గగానే తవ్వడానికి వచ్చేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. రాత్రి దీపం, చెక్కిన రాయి, ఎర్రగుడ్డ, ఈ మూడూ కలిస్తే నాకు వేరే అర్థం తోచడం లేదు. మీరు మాత్రం ఆ చెక్కిన రాయిని ఇంటికి తీసుకుపోకండి. భూమిలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. పది రూపాయలన్నది ఆ కాలం లెక్క, కానీ అది నేటికీ చట్టంలో అలాగే ఉంది.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:

నేను సాగునీటి శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. పడవ సంగతి నాకు తెలియదు, నీళ్ల సంగతి కొంత తెలుసు, అందుకని ఆ మేరకే రాస్తున్నాను.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అంత నిండుగా ఉన్నప్పుడు నీరు ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది కాబట్టి, ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు తీసినా మట్టం దాదాపు రెండు అంగుళాలే తగ్గుతుంది. వేసవిలో ఆ విస్తీర్ణం బాగా కుంచించుకుపోతుంది, అప్పుడు అదే ఒక టీఎంసీకి మట్టం అంతకు కొన్ని రెట్లు దిగుతుంది. ఎండకు ఆవిరయ్యే నీరు రోజుకు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అది వేరు. ఇక సోమశిల ఎగువన ఒడ్డుకు ఏటవాలు చాలా తక్కువ. వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలే నేలపై మట్టం ఒక్క అడుగు దిగితే నీటి అంచు వంద అడుగులు వెనక్కి పోతుంది. కొత్తగా చూసేవారికి పడవే ఒడ్డుకు వచ్చినట్టు అనిపిస్తుంది, నిజానికి ఒడ్డే పడవ దగ్గరికి వెళ్తుంది. అవతలి గట్టున సప్తనదుల సంగమేశ్వరాలయం ప్రతి వేసవిలో బయటపడేదీ ఇలాగే, గుడి ఎక్కడికీ కదలదు కదా.

కాబట్టి ఏప్రిల్‌లో ఆ పడవ మీకు కనిపించడంలో వింత లేదు, అది అప్పటికి ఎన్ని నెలల నుంచి అక్కడ మునిగి ఉందో ఎవరికి తెలుసు. కానీ నా లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. మట్టం తగ్గితే పడవ అంచు మొత్తం ఒకేలా బయటపడాలి, ముక్కు ఒక్కటే లేవకూడదు. తూర్పున ఉన్నది పడమరకు తిరగడానికి మట్టం అసలే కారణం కాదు. నీరు కాక ఇంకేదో జరిగింది. మీరు తీసిన రాళ్ల సంగతి ఒకసారి ఆలోచించండి. నీళ్లలో రాయి బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఆరు రాళ్లు అంటే ఒక కొస మీది నుంచి ఓ నలభై కిలోల నొక్కుడు తీసేసినట్టు.

ముంపు ఊరివాడు:

చెక్కిన రాయి గురించి చదివి రాస్తున్నాను. గుంట పిడికిలి పట్టేంత ఉందని, లోపల నున్నగా అరిగిందని రాశారు. ఆ గుంట రాయికి నడిమధ్యన ఉందా, మూలన ఉందా? మూలన ఉందని చదివినట్టు గుర్తు. అలా అయితే అది దేవాలయం రాయి కాదు, నిధీ కాదు. మా పాత ఇళ్లలో తలుపులకు ఇనుప బందులు ఉండేవి కావు. తలుపు చెక్కకు కింద ఒక మొన చెక్కి, గడప పక్కన వేసిన రాతిపలకలోని గుంటలో దాన్ని నిలబెట్టేవారు, తలుపు ఆ గుంటలోనే తిరిగేది. ఒక ఇంట్లో యాభై ఏళ్లు రోజుకు ఇరవై సార్లు తీసి వేస్తే ఆ గుంట మీరు చెప్పినట్టే అద్దంలా అవుతుంది. మా నానమ్మ అందులో వారానికి ఒక చుక్క ఆముదం పోసేది.

1981లో మా ఊరిని ఖాళీ చేయించి ఇళ్లు కూల్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దూలాలు, తలుపులు, దర్వాజాలు బండ్లకెత్తారు, రాళ్లు మాత్రం అక్కడే వదిలేశారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే ప్రభుత్వ ఉత్తర్వు జీవో 98 కింద ఉద్యోగం కోసం తిరిగిన రోజుల్లో అందరూ ఇంటి నంబరు అడిగారు గానీ ఇల్లు ఎలా ఉండేదని అడిగినవారు లేరు. ఆ రాయి ఎక్కడ ఉందో కనుక్కుని ఒక ఫొటో పెట్టగలరా? అది మా ఇంటిదని కాదు, అంత అదృష్టం ఉంటుందని నేను అనుకోవడం లేదు.

వలకట్ట:

నేను చేపలు పట్టే ఇంటి పిల్లవాణ్ని, ఇప్పుడు వనపర్తిలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న నేటికీ ఆ నీళ్ల మీదే ఉన్నారు. ఈ పడవలో రహస్యం ఏమీ లేదు, అయితే అది మీకు రహస్యంగా ఎందుకు కనిపించిందో నాకు అర్థమైంది.

చెక్క పడవను ఎండకు ఒడ్డున వదలకూడదు. మే నెల ఎండకు పలకలు ఆరి ముడుచుకుంటాయి, వాటి మధ్య సందుల్లో కూరిన నూలు వదులై డాంబరు పెచ్చులుగా ఊడిపోతుంది. మళ్లీ ఆ పడవను నీళ్లలోకి దించితే జల్లెడలా కారుతుంది. అందుకని వాడకం లేని నెలల్లో దాన్ని నీళ్లలోనే ముంచి ఉంచుతారు. నీళ్లలో ఉన్నంతకాలం చెక్క ఉబ్బి సందులు బిగుసుకుని ఉంటాయి. అయితే చెక్క తేలే వస్తువు, నీళ్లు నింపినంత మాత్రాన పూర్తిగా మునగదు, అంచు పైకి కనిపిస్తూనే ఉంటుంది. పైకి కనిపించే ఆ అంచే ముందు పగులుతుంది. అందుకే రాళ్లు. ముక్కున, నడుమ, వెనక సమంగా పేర్చడం కూడా అందుకే, లేకపోతే ఒక వైపు లేస్తుంది. వెనక మోకు కట్టి, నీళ్ల కింద ఉన్న ఏ తుమ్మ మోడుకో బిగిస్తారు. ముంపులో పోయిన చెట్ల మోడులు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి, వాటికి చిక్కి మా వలలు ఎన్ని చినిగాయో లెక్క లేదు.

పుట్టిని ఎవరూ ఇలా ముంచరు. అది వెదురు అల్లిక మీద పట్టా చుట్టి డాంబరు పూసింది కాబట్టి, దాన్ని ఒడ్డున బోర్లించి నీడ చూసుకుంటే చాలు. పాత రోజుల్లో పట్టా బదులు బర్రె తోలు ఉండేదని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు ఎక్కువమంది ఫైబర్‌కు మారారు, చెక్క పడవలు తగ్గిపోయాయి, అందుకే ఈ ముంచే పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలిసినవాళ్లలో చాలామంది కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లు.

ఎర్రగుడ్డ గంగమ్మకు కట్టినది. పడవను కొత్తగా నీళ్లలోకి దించినప్పుడూ, ముంచేటప్పుడూ పసుపు, కుంకుమ పెట్టి గుడ్డ కడతారు. రాత్రి దీపం వలలు చూసుకునేవాళ్ల తలకు కట్టుకునే బ్యాటరీ లైటు. కొందరు రాత్రిపూట అలివి వలలు లాగే మాటా నిజమే, వేలెడంత పిల్లలతో సహా ఊడ్చేసే ఆ వలలపై మా సంఘాలకు ఎప్పటినుంచో గొడవ ఉంది, కానీ ఆ పని చేసేవాడు ముంచి పెట్టిన పాత చెక్క పడవతో చేయడు.

ఇక పడవ తిరిగిన సంగతి. పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు సగం చెప్పేశారు, మిగతాది నేను చెబుతాను. అన్నా, పడవను తిప్పింది మీరే. ముక్కు దగ్గరి ఆరు రాళ్లు తీశారు, ముక్కు తేలికై లేచింది. పడవ వెనక మోకుకు కట్టి ఉంది, ముందు నేల తగలడం లేదు. గురువారం ఈదురుగాలి ఆ లేచిన ముక్కును పట్టుకుని పడవను మోడు చుట్టూ గడియారం ముల్లులా తిప్పింది. ఇప్పుడు మూరెడు ముక్కు రోజంతా ఎండలో ఉంది. పగలు ఆరడం, రాత్రి అలలకు తడవడం, ఇది పూర్తిగా ఎండలో ఉండడం కంటే చెడ్డది. దయచేసి వీలైనంత త్వరగా వెళ్లి ఆ రాళ్లు ఆ చోటనే పెట్టండి. ఒంటరిగా లోతుకు దిగకండి, ఒండ్రులో కాలు కూరుకుపోతే తీసేవాళ్లుండాలి.

ఆదివారం నడక:

ముందుగా అందరికీ కృతజ్ఞతలు, ఆ తరువాత ఒక తప్పు ఒప్పుకోవాలి. వలకట్ట గారి సమాధానం చదివిన మరునాడే, ఆదివారం దాకా ఆగకుండా, తెల్లవారుజామున తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. పడవ ఆయన చెప్పిన తీరులోనే ఉంది. మోకును చేత్తో పట్టుకుని వెళ్తే నడుము లోతు నీళ్లలో నిజంగానే ఒక తుమ్మ మోడు తగిలింది, మోకు దానికి ముమ్మారు చుట్టి ఉంది. ముక్కు వైపు పై పలకలో చిటికెన వేలి గోరు దూరేంత సన్నటి చీలిక అప్పటికే వచ్చింది. దాన్ని చూసినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇక్కడ రాయడం కష్టం.

ఒడ్డున పెట్టిన అయిదు రాళ్లు నేను పెట్టిన చోటే ఉన్నాయి. ఆరోది లేదు, ఎందుకంటే అది మా ఇంట్లో ఉంది. మొదటి రాతలో ఆ మాట దాచాను. తులసికోట దగ్గర పెడదామని మొదటి రోజే స్కూటర్ కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకువచ్చాను. నల్లమల నీడ గారి హెచ్చరిక చదివి దాన్ని వెనక్కి తీసుకెళ్లాలనుకున్నాను, కానీ ఆ ఉదయం తొందరలో మరిచాను.

అయిదూ పేరుస్తుండగానే ఒక ఫైబర్ బోటు దగ్గరికి వచ్చింది. అందులో అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన పడవ ముక్కును ఒకసారి చేత్తో తడిమి, చీలికలో గోరు పెట్టి చూసి, "ఇంకోటి ఏది బిడ్డా?" అని అడిగారు. లెక్క ఆయనకు అంత కచ్చితంగా తెలుసు. ఇంటి దగ్గరుందని చెప్పాను. "తీస్కరా, పో" అన్నారు, అంతే. తమ్ముణ్ని అక్కడే ఉంచి నేను కొల్లాపూర్ వెళ్లి వచ్చేసరికి ఆయన నీళ్లలోనే నిలబడి, తన బరువుతో ముక్కును కిందికి నొక్కి పట్టుకుని ఉన్నారు. రాయి అందుకుని గుంట పైకి వచ్చేలా పెట్టారు. ముక్కు మెల్లగా దిగింది, అంచు మీదుగా నీళ్లు లోపలికి పొర్లి ఎర్రగుడ్డ మునిగింది.

చీలిక సంగతి అడిగితే, తడికి చెక్క ఉబ్బి చాలావరకు మూసుకుంటుందని, మిగిలితే నూలు పెట్టి డాంబరు వేస్తానని చెప్పారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, డాంబరు డబ్బా ఒకటి తెచ్చివ్వమన్నారు. ఇచ్చాను.

ముంపు ఊరివాడు గారికి రెండు మాటలు. గుంట రాయికి మూలనే ఉంది, ఒకటే ఉంది. నాలుగేళ్ల కిందట వల బరువుగా వచ్చిందని లాగితే అందులో ఈ రాయి చిక్కి వచ్చిందని, పలకగా ఉండి కదలకుండా కూర్చుంటుందని అప్పటి నుంచి ప్రతి వేసవి ముక్కు దగ్గర దీన్నే పెడుతున్నానని పెద్దాయన చెప్పారు. ఏ చోట చిక్కిందో చేయి చాపి చూపించారు గానీ అక్కడ నాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. మీ ఊరు ఆ వైపేనా అన్నది మీరే వచ్చి చూసి చెప్పాలి. వరద వచ్చి నీళ్లు లోతయ్యేలోపే ఆయన పడవ పైకి తీస్తారు, అప్పుడు రాళ్లన్నీ నీళ్లలోనే వదిలేస్తారట. ఈ ఒక్కదాన్ని మాత్రం ఒడ్డున పెట్టి ఉంచమని అడిగాను. సరేనన్నారు. ఫొటో కింద పెడుతున్నాను, గుంట లోపల నా బొటనవేలు ఉంచి తీశాను కాబట్టి లోతు తెలుస్తుంది.

ముంపు ఊరివాడు:

చూశాను. మా ఇళ్లలో వాడిన రాయి రకమే. ఆయన చేయి ఏ వైపు చూపించారో, సోమశిల గుడికి కుడి పక్కనా ఎడమ పక్కనా, అది ఒక్కటి గుర్తు చేసుకుని రాయండి. ఆగస్టులో వస్తాను.